బిడ్డ మనసు బాగోలేనప్పుడు ఇంటికి ఏమవుతుంది, సాయం ఎందుకు ఆలస్యమవుతుంది

పొద్దున్నే స్కూలుకు బయల్దేరే వేళకు కడుపునొప్పి వస్తుంది. సెలవు రోజున ఆ నొప్పి ఉండదు. డాక్టరు చూసి, పరీక్షలు చేయించి, ఏమీ లేదంటారు. ఆ మాట విన్నాక ఇంట్లో ఊరట కలగాలి. చాలా ఇళ్లలో మాత్రం అప్పుడే అనుమానం మొదలవుతుంది. వీడు నాటకాలాడుతున్నాడా? మనం గారాబం ఎక్కువ చేశామా? ఈ రెండో ప్రశ్న మొదటిదాని కంటే ఎక్కువ కాలం ఆ ఇంట్లో తిష్ట వేస్తుంది.

నిజానికి ఆ నొప్పి నాటకం కాదు. భయం పుట్టినప్పుడు శరీరంలో ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, పేగుల కదలిక మారుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పెద్దవాళ్లు "టెన్షన్‌గా ఉంది" అని చెప్పగలిగే చోట ఎనిమిదేళ్ల పిల్లకు దొరికే మాట "కడుపు నొప్పి" మాత్రమే. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడవడం, ప్రతిదానికీ కోపం, ఇవన్నీ పిల్లల్లో ఆందోళనకూ కుంగుబాటుకూ మామూలు రూపాలు. పెద్దల్లో డిప్రెషన్ అంటే దిగులు ముఖం గుర్తొస్తుంది. పిల్లల్లో, ముఖ్యంగా టీనేజీలో, అది చిరాకుగానే ఎక్కువసార్లు పైకి కనిపిస్తుంది. చిరాకు పడే బిడ్డ మీద జాలి కలగడం కష్టం. అందుకే ఆ జబ్బు తిట్లు తింటుంది గానీ చికిత్స అందుకోదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల మధ్య వయసున్న ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది. మొత్తం మానసిక రుగ్మతల్లో మూడో వంతు 14 ఏళ్ల లోపే, దాదాపు సగం 18 ఏళ్ల లోపే మొదలవుతాయి. వీటిలో ఎక్కువ భాగం గుర్తింపు లేకుండా, చికిత్స లేకుండా ఉండిపోతున్నాయని కూడా ఆ సంస్థే చెబుతోంది. పిల్లల గురించి చెప్పే ఈ అంకెల్లో ఇళ్ల లెక్క ఉండదు. ఆ ఏడుగురిలో ఒకరి వెనకాల తల్లి, తండ్రి, అక్క, తమ్ముడు, ఒక్కోసారి తాత, నాయనమ్మ ఉంటారు. వాళ్లందరి దినచర్యా మారిపోతుంది. ఆ మారిన తీరు జబ్బును తగ్గించనూవచ్చు, పెంచనూవచ్చు. సాయం కోసం వెళ్లాలా వద్దా అన్నది కూడా అక్కడే తేలుతుంది.

ఇల్లు ఎలా మారుతుందో కాస్త వివరంగా చూడాలి. ఎందుకంటే ఇది బయటి నుంచి ఎవరికీ కనిపించదు, లోపల ఉన్నవాళ్లకూ వెంటనే తెలియదు.

చీకటంటే భయపడే పిల్లను మొదట ఒక రాత్రి పక్కన పడుకోబెట్టుకుంటారు. నెల తిరిగేసరికి అది రోజూ జరిగేదవుతుంది. చేతులకు మురికి అంటిందేమోనన్న ఆలోచన వదలని పిల్లవాడు "అమ్మా, శుభ్రంగానే ఉన్నాయా?" అని అడుగుతాడు. అమ్మ "ఉన్నాయి నాన్నా" అంటుంది. ఐదు నిమిషాలకు మళ్లీ అడుగుతాడు. జవాబు చెప్పకపోతే ఏడుపు, చెబితే కాసేపు ప్రశాంతత. కాబట్టి చెబుతుంది. కొత్త మనుషులంటే బెదిరిపోయే కూతురి తరఫున ఎవరడిగినా తండ్రే సమాధానం చెప్పడం అలవాటవుతుంది. ఇంటికి చుట్టాలు రావడం తగ్గుతుంది. పెళ్లికి వెళ్లాలంటే ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండిపోతారు. గిన్నె కింద పడిన చప్పుడుకు విరుచుకుపడే పిల్లవాడి ముందు మిగతావాళ్లు మునివేళ్ల మీద నడుస్తారు. ఇందులో ఏ ఒక్కటీ తప్పుడు ఉద్దేశంతో చేసింది కాదు. అన్నీ ప్రేమతో, అలసటతో, ఆ పూట గడిస్తే చాలన్న ఆశతో చేసినవే.

దీన్ని వైద్యులు కుటుంబ సర్దుబాటు అంటారు. ఓసీడీ (వదలని ఆలోచనలు, వాటిని ఆపడానికి పదే పదే చేసే పనులు) ఉన్న పిల్లల ఇళ్లలో చాలావాటిలో ఇది కనిపిస్తుందని, ఎంత ఎక్కువ సర్దుకుంటే లక్షణాలు అంత తీవ్రంగా ఉంటున్నాయని పరిశోధనలు పదే పదే చూపించాయి. కారణం భయం పనిచేసే పద్ధతిలోనే ఉంది. భయపెట్టేదాన్ని తప్పించుకున్న ప్రతిసారీ గుండెదడ తగ్గుతుంది. ఆ ఊరటను బట్టి మెదడు "తప్పించుకున్నాను కాబట్టే బతికిపోయాను" అని నేర్చుకుంటుంది. తప్పించుకోకపోయినా ఏమీ అయ్యేది కాదన్న సంగతి తెలుసుకునే అవకాశమే దానికి దొరకదు. ఇంట్లోవాళ్లు ఎంత సాయపడితే ఆ అవకాశం అంత తగ్గుతుంది. ఇది చదివిన తల్లికి "అయితే నేనే చెడగొట్టానా?" అనిపించవచ్చు. అలా అనుకోనక్కర్లేదు. సర్దుబాటు వల్ల జబ్బు పుట్టలేదు. జబ్బు వచ్చాక దాని చుట్టూ అల్లుకున్న అలవాటు అది. అలవాటు గనక మార్చుకోవచ్చు. చికిత్సకు ఇది చాలా పెద్ద ఆశ.

కోపం, మొండితనం ఉన్న పిల్లల ఇళ్లలో ఇంకో రకం చిక్కు పడుతుంది. అమెరికాలోని ఆరెగాన్‌లో మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ ఏళ్ల తరబడి కుటుంబాలను వాళ్ల ఇళ్లలోనే గమనించి దీన్ని వివరించాడు. ఫోన్ పక్కన పెట్టమని తల్లి చెబుతుంది. పిల్లవాడు అరుస్తాడు. తల్లి గొంతు పెంచుతుంది, వాడు వస్తువు విసిరేస్తాడు, ఆమె విసిగి వదిలేస్తుంది. విసిరితే పని జరుగుతుందని వాడికి తెలిసింది. వదిలేస్తే గొడవ ఆగుతుందని ఆమెకు తెలిసింది. మరో రోజు ఆమె ఇంకా గట్టిగా అరిస్తే వాడు ఊరుకుంటాడు. అరిస్తేనే వింటాడని ఆమెకు స్థిరపడిపోతుంది. ఇద్దరూ ఒకరికొకరు శిక్షణ ఇచ్చుకుంటున్నారు, ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. బయటివాళ్లు చూసి "పెంపకం సరిగా లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మామూలు పద్ధతులకు లొంగని స్వభావంతో పుట్టిన పిల్లవాడిని పెంచుతూ ఆ తల్లి ఎంత అలసిపోయిందో ఆ ముక్కలో ఎక్కడా లేదు.

పెంపకాన్ని నిందించే ఈ అలవాటు ఇరుగుపొరుగుదే కాదు. ఒకప్పుడు వైద్యశాస్త్రమే ఆ పని చేసింది. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజం (నలుగురితో కలవడం, మాట్లాడటం వేరుగా ఉండే ఎదుగుదల తేడా) గురించి మొదటిసారి వివరంగా రాసినప్పుడు, వాళ్ల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువన్న వ్యాఖ్య కూడా చేశాడు. తర్వాత రెండు దశాబ్దాల పాటు ప్రేమ లేని తల్లుల వల్లే ఆటిజం వస్తుందన్న వాదం బలంగా నడిచింది. 1960ల్లో, పిల్లల మనస్తత్వం మీద పుస్తకాలు రాసిన బ్రూనో బెటల్‌హైమ్ దాన్ని జనంలోకి తీసుకెళ్లాడు. ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి అయిన మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే ఆ వాదాన్ని ఎదిరించి, మూలం మెదడు నిర్మాణంలో ఉందన్నాడు. 1977లో సుసాన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ కవల పిల్లల మీద చేసిన అధ్యయనం వంశపారంపర్యం పాత్రను బయటపెట్టాక ఆ నింద శాస్త్రం దృష్టిలో నిలబడలేదు. కానీ అంతలోపు ఒక తరం తల్లులు, చేయని నేరానికి శిక్ష అనుభవించారు. ఈ చరిత్ర గుర్తుంచుకోవడం అవసరం, ఎందుకంటే ఆ నింద పేరు మార్చుకుని ఇంకా బతికే ఉంది. ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) విషయంలో కవలల అధ్యయనాలు పిల్లల మధ్య కనిపించే తేడాల్లో దాదాపు 70 శాతం పైగా జన్యువులతో ముడిపడినవని చెబుతున్నాయి. అయినా స్కూలు మీటింగులో ఆ పిల్లవాడి తల్లే తల దించుకుని కూర్చోవాల్సి వస్తోంది.

అలాగని ఇంటి పరిస్థితులకు ఏ పాత్రా లేదనడం కూడా సరికాదు. హింస, నిర్లక్ష్యం, ఆపకుండా సాగే తగువులు, ఆత్మీయుల మరణం, స్కూల్లో వేధింపులు పిల్లల మనసును నిజంగానే గాయపరుస్తాయి. బిడ్డకు ఇంట్లోనే ఎవరైనా హాని చేస్తుంటే మొదట కావలసింది రక్షణ, ఆ తర్వాతే ఏ చికిత్సైనా. చాలామంది పిల్లల్లో మాత్రం పుట్టుకతో వచ్చిన స్వభావం, మెదడు ఎదుగుదల, శరీర ఆరోగ్యం, చుట్టూ జరిగే సంఘటనలు కలిసి సమస్యను తయారుచేస్తాయి. ఇందులో దేని వాటా ఎంతో ఒక్క ఇంటి విషయంలో కచ్చితంగా విడదీసి చెప్పడం ఎవరి వల్లా కాదు. తేలని ఆ లెక్క కోసం కుటుంబాలు నెలలు, ఏళ్లు పోగొట్టుకుంటాయి. తప్పెవరిదో తేలితేనే సాయం అడగాలన్న నియమం ఏమీ లేదు. కాలు విరిగిన పిల్లవాడిని, ఎవరు తోశారో తేలేదాకా ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఎవరూ ఆగరు.

ఈ నింద భార్యాభర్తల మధ్య కూడా చీలిక తెస్తుంది. ఒకరు మెత్తబడితే ఇంకొకరు గట్టిపడతారు. "నువ్వు నెత్తికెక్కించుకున్నావు" అని ఒకరు, "నువ్వు భయపెట్టి చంపుతున్నావు" అని మరొకరు. మెత్తనితనాన్ని సరిచేయడానికి ఈయన ఇంకా కఠినమవుతాడు, కఠినత్వాన్ని పూడ్చడానికి ఆమె ఇంకా కరిగిపోతుంది. మధ్యలో పిల్లకు ఒకే ఇంట్లో రెండు చట్టాలు. స్కూలు నుంచి మాటిమాటికీ ఫోన్లు వచ్చే ఇంట్లో ఎవరో ఒకరి ఉద్యోగం దెబ్బతింటుంది, సాధారణంగా తల్లిదే. ఖర్చు పెరిగేదీ ఆదాయం తగ్గేదీ ఒకేసారి. దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఈ దారిలో నడిచిన ప్రతి కుటుంబానికీ తెలిసిందే.

తక్కువగా మాట్లాడుకునేది మిగతా పిల్లల గురించి. అమ్మానాన్నల దృష్టంతా ఒకరి మీదే ఉన్నప్పుడు రెండో పిల్ల "నాకేం ఫర్వాలేదు" అనడం నేర్చుకుంటుంది. మంచి మార్కులు తెస్తుంది, గొడవ చేయదు, ఏమీ అడగదు. అందరూ మెచ్చుకుంటారు. లోపల ఆ పిల్లకు అసూయ ఉంటుంది, అసూయ పడినందుకు సిగ్గు ఉంటుంది, తనకూ అలాగే అవుతుందేమోనన్న భయం ఉంటుంది. అన్నకు ఏమైందో ఎవరూ చెప్పకపోతే కారణం తనే కావచ్చని కూడా ఊహించుకుంటుంది. చిన్నపిల్లలకు దాచిపెట్టడం కంటే వాళ్ల వయసుకు తగ్గ మాటల్లో చెప్పడమే మేలు. "అన్నయ్య మనసుకు బాగోలేదు. దానికి డాక్టరు ఉన్నారు. అది నీ వల్ల రాలేదు. నీకు కోపం వచ్చినా నాకు చెప్పొచ్చు." ఈ నాలుగు మాటలు, వారంలో కాసేపు ఆ పిల్లతోనే గడిపే సమయం, పెద్ద తేడా తెస్తాయి.

తల్లిదండ్రుల మనసు కూడా ఈ లెక్కలోకి రావాలి. అమెరికా పరిశోధకురాలు మిర్నా వైస్‌మన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో డిప్రెషన్‌కు చికిత్స తీసుకుంటున్న తల్లులనూ, వాళ్ల పిల్లలనూ కలిపి గమనించారు. మొదట్లో ఏదో ఒక మానసిక సమస్య ఉన్న పిల్లల్లో, మూడు నెలల్లో తల్లి కోలుకున్న ఇళ్లలో 33 శాతం మంది బాగయ్యారు. తల్లి కోలుకోని ఇళ్లలో బాగైనవాళ్లు 12 శాతమే. ఆ పిల్లలకు అదనంగా ఏ వైద్యమూ అధ్యయనం ఇవ్వలేదు. దీన్ని తల్లి మీద మరో నిందగా చదవకూడదు. తన కోసం డాక్టరు దగ్గరకు వెళ్లడం స్వార్థమని అనుకునే తల్లికి, అది బిడ్డకు చేసే సాయం కూడా అని చెప్పే రుజువు ఇది.

ఇంత జరుగుతున్నా ఆలస్యం ఎందుకు? నలుగురూ ఏమనుకుంటారన్న బెరుకు ఒక్కటే కారణం అనుకుంటే సగమే అర్థమైనట్టు. "వయసొస్తే అదే సర్దుకుంటుంది" అన్న మాట కొన్నిసార్లు నిజమవుతుంది కూడా, అందుకే దాన్ని కొట్టిపారేయడం కష్టం. స్కూల్లో ఒకలా, ఇంట్లో ఒకలా ఉండే పిల్లలు ఉంటారు. టీచరు "మా దగ్గర బాగానే ఉంటాడు" అంటే ఇంట్లోవాళ్లు తమ కళ్లనే నమ్మలేరు. అల్లరి చేసే పిల్లవాడిని త్వరగా గుర్తిస్తారు, వెనక బెంచీలో మౌనంగా కూర్చునే పిల్లను బుద్ధిమంతురాలు అనుకుంటారు. పేరు పెడితే అది జీవితాంతం వెంటాడుతుందన్న భయం ఉంటుంది. మందులకు అలవాటు పడిపోతారన్న భయం ఉంటుంది. ఆఖరికి అన్నీ దాటి ఫోన్ చేస్తే, అపాయింట్‌మెంట్ ఎప్పుడో దొరుకుతుంది. పిల్లల మానసిక వైద్యుల కొరత చాలా దేశాల్లో ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఎదురుగా కూర్చున్నవాళ్లు "ఇంట్లో ఏం చేస్తుంటారు మీరు?" అని తప్పు వెదికే గొంతుతో అడిగితే ఆ కుటుంబం మళ్లీ రాదు. సాయం చేసే వృత్తిలో ఉన్నవాళ్లు ఆలోచించాల్సిన విషయం ఇది.

ఎప్పుడు వెళ్లాలన్నదానికి పేరు పెట్టగలిగే జబ్బే ఉండాలని లేదు. బిడ్డలో వచ్చిన మార్పు రెండు మూడు వారాలైనా పోలేదా, ఇల్లు, స్కూలు, స్నేహాలు వీటిలో ఒకటి కంటే ఎక్కువ చోట్ల అడ్డుపడుతోందా, నిద్రా తిండీ చెదిరాయా, ఇంతకుముందు ఇష్టంగా చేసినవి వదిలేసిందా అన్నవి చూస్తే చాలు. ఇంటిల్లిపాదీ తమ జీవితాన్ని ఆ సమస్య చుట్టూ తిప్పుకుంటున్నారంటే అది కూడా తగిన సూచనే. మొదట పిల్లల డాక్టరు దగ్గరకే వెళ్లొచ్చు. థైరాయిడ్, రక్తహీనత, వినికిడి, చూపు, నిద్రలో శ్వాస ఇబ్బంది లాంటివి మనసు సమస్యల్లా కనిపించే వీలుంది, అవి ముందు చూడాలి. అక్కడి నుంచి సైకాలజిస్టుకో సైకియాట్రిస్టుకో పంపుతారు. వెళ్లేముందు ఎప్పుడు మొదలైంది, ఏ వేళల్లో ఎక్కువ, ఏం చేస్తే తగ్గుతోంది అన్నది ఒక కాగితం మీద రాసుకుంటే ఆ గదిలో కంగారులో మర్చిపోకుండా ఉంటారు. మంచి వైద్యులు పిల్లతో విడిగా, పెద్దవాళ్లతో విడిగా మాట్లాడతారు. టీనేజీ పిల్లలు చెప్పిన ప్రతిదీ తల్లిదండ్రులకు చెప్పరు, ప్రాణాపాయం ఉన్నవి తప్ప. దీనికి నొచ్చుకోకూడదు. ఆ భరోసా లేకపోతే పిల్లలు నోరు విప్పరు.

చికిత్స పనిచేస్తుందా అంటే, చాలా సమస్యలకు పనిచేస్తుంది. ఆందోళన ఉన్న 7 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లలు 488 మంది మీద జరిపిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2008లో వచ్చాయి. ఆలోచననూ ప్రవర్తననూ మార్చే సీబీటీ అనే థెరపీతో దాదాపు 60 శాతం, సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మందుతో 55 శాతం, రెండూ కలిపి ఇస్తే 81 శాతం మంది బాగా మెరుగయ్యారు. మందు లేని ఉత్తి మాత్రతో మెరుగైనవాళ్లు 24 శాతం. మందుల గురించి తల్లిదండ్రుల భయం అర్థం లేనిది కాదు. డిప్రెషన్ మందులు వాడే పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు కొంత పెరిగే వీలుందని 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక పెట్టించింది. ఆ ప్రయోగాల్లో ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 2 శాతం మందిలో అలాంటి ఆలోచనలో ప్రవర్తనో కనిపిస్తే, మందు వాడినవాళ్లలో అది 4 శాతం. వాటిలో ఆత్మహత్యలు మాత్రం జరగలేదు. కాబట్టి మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో దగ్గరగా చూసుకోవాలి, ఏ మార్పు వచ్చినా డాక్టరుకు చెప్పాలి, వాళ్లను అడగకుండా హఠాత్తుగా మానేయకూడదు. చిన్న వయసు పిల్లల ఏడీహెచ్‌డీ, మొండితనం లాంటివాటికి అయితే మొదట శిక్షణ ఇచ్చేది తల్లిదండ్రులకే. "పాఠాలు నాకా?" అని బాధపడేవాళ్లుంటారు. పిల్లతో రోజులో ఎక్కువ గంటలు ఉండేది వాళ్లే గనక వాళ్ల ద్వారా మార్పు త్వరగా వస్తుందన్నదే దాని వెనక ఆలోచన.

ఆత్మహత్య గురించి సూటిగా చెప్పాలి. "చచ్చిపోతే బాగుండు" అన్న మాట బిడ్డ నోట వస్తే, బెదిరింపు అనుకుని వదిలేయకూడదు. అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని చాలామంది భయపడతారు. అమెరికాలో 2,342 మంది హైస్కూలు పిల్లల మీద చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ ప్రశ్న అడిగినందువల్ల పిల్లల్లో దిగులు గానీ అలాంటి ఆలోచనలు గానీ పెరగలేదు. మునుపు ప్రయత్నం చేసిన పిల్లలు అడిగాక కొంత తేలికపడ్డారు కూడా. "నీకు చనిపోవాలనిపిస్తోందా?" అని నెమ్మదిగా, తిట్టకుండా అడగాలి. అవునంటే ఒంటరిగా వదలకూడదు. మాత్రలు, పురుగుమందులు, ఆయుధాలు లాంటివి అందకుండా చేయాలి, ఎందుకంటే ఆ ఉద్ధృతి చాలాసార్లు కొద్ది సమయమే ఉంటుంది, ఆ సమయం దాటించడం ప్రాణం కాపాడుతుంది. వెంటనే అత్యవసర వైద్యానికి గానీ హెల్ప్‌లైన్‌కు గానీ వెళ్లాలి. పొద్దున దాకా చూద్దాం అనుకునే విషయం కాదిది.

మరి పిల్లే రానంటే? ఇది చాలా ఇళ్లలో జరిగేదే. పదిహేనేళ్ల కొడుకు "నాకేం పిచ్చి లేదు" అని తలుపేసుకుంటే అతన్ని ఎత్తుకుని తీసుకెళ్లడం కుదరదు. అక్కడితో దారి మూసుకుపోయిందని చాలామంది ఆగిపోతారు. ఆగనక్కర్లేదని గట్టిగా చెప్పిన పరిశోధన ఒకటి ఉంది. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలై లెబొవిట్జ్ బృందం 7 నుంచి 14 ఏళ్ల మధ్య ఆందోళన ఉన్న 124 మంది పిల్లలను రెండు గుంపులు చేసింది. ఒక గుంపులో పిల్లలకే సీబీటీ ఇచ్చారు. రెండో గుంపులో పిల్లలను అసలు కలవకుండా, తల్లిదండ్రులకు మాత్రమే 12 వారాల పాటు శిక్షణ ఇచ్చారు. అందులో నేర్పింది ముఖ్యంగా రెండు విషయాలు. బిడ్డ భయాన్ని కొట్టిపారేయకుండా "నీకు కష్టంగా ఉందని నాకు తెలుసు, నువ్వు దీన్ని తట్టుకోగలవని కూడా తెలుసు" అని చెప్పడం ఒకటి. తాము చేస్తూ వస్తున్న సర్దుబాట్లలో ఒకదాన్ని ఎంచుకుని, ముందుగా చెప్పి, మెల్లగా తగ్గించడం రెండోది. 2020లో అచ్చయిన ఫలితాల్లో తల్లిదండ్రులకిచ్చిన శిక్షణ పిల్లలకిచ్చిన థెరపీకి ఏమాత్రం తీసిపోలేదు.

ఆచరణలో ఇది అంత సులువు కాదు. "చేతులు శుభ్రంగా ఉన్నాయా?" అన్న ప్రశ్నకు ఇరవై సార్లు కాకుండా ఒక్కసారే జవాబు చెబుతానని తల్లి ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడినప్పుడు మొదటి కొన్ని రోజులు గొడవ పెరుగుతుంది. పిల్లవాడు ఏడుస్తాడు, తిడతాడు, "నీకు నా మీద ప్రేమ లేదు" అంటాడు. ఇది ముందే తెలియకపోతే ఏ తల్లైనా మూడో రోజుకు వదిలేస్తుంది. అందుకే ఒంటరిగా కాకుండా థెరపిస్టు తోడుతో, ఇంట్లో ఇద్దరూ ఒక మాట మీద ఉండి, అవసరమైతే పిల్లకు ఇష్టమైన పిన్నినో మామయ్యనో కలుపుకుని మొదలుపెట్టమంటారు. మార్చేది కూడా ఒకేసారి అన్నీ కాదు, ఒక్కటే. అది కుదురుకున్నాక ఇంకొకటి. ప్రాణాపాయం గురించిన మాటలు వస్తున్న ఇంట్లో మాత్రం ఈ పని వైద్యుల సలహా లేకుండా చేయకూడదు. మిగతా ఇళ్లలో పిల్ల ఒప్పుకునేదాకా ఎదురుచూడనక్కర్లేదు, అపాయింట్‌మెంట్ తల్లిదండ్రుల పేరు మీదే తీసుకోవచ్చు.